బయటి గొళ్ళెం

ఫిబ్రవరి 6, 1961, సోమవారం

మా ఆయన స్టేషన్ నుంచి కొత్త నోటుబుక్కు తెచ్చి ఇచ్చారు. ఇంట్లో మాట్లాడితే కింద మొగులప్ప సేటు ఇంటికి వినబడుతుంది. బళ్ళో మాట్లాడితే పెద్ద సారుకు వినబడుతుంది. ఇక నాకు మిగిలింది ఈ పుస్తకమే.

ఈ రోజు వికారాబాదు నుంచి ఒక కాగితం వచ్చింది. చిన్న పిల్లలకు నిప్పు గురించి పాఠం చెప్పాలట. ఇల్లు అంటుకుంటే ఏం చేయాలో నేర్పి, చేయించి చూపాలట. నెలాఖరుకు ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వస్తారట. మా పెద్ద సారు పాండురంగం గారు ఆ కాగితం అప్పుడే అంటుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నాకిచ్చారు. "కౌసల్యమ్మా, గిది నీ ఒకటో తరగతికే. నువ్వే సూసుకో" అన్నారు. కష్టమైన పని ఏదొచ్చినా అది ఒకటో తరగతిదే అవుతుంది.

సేటు అక్కడే ఉన్నాడు. ఒకటో తరగతి నడిచేది ఆయన గోదాములోనే. ముందు భాగంలో గోనెసంచులు, పత్తి. వెనక గదిలో మేము. మధ్యలో చెక్కలు కొట్టి మూసేశారు. ఆయన కాగితం సంగతి విని పడీపడీ నవ్వాడు.

"బండ గోడలు, బండ కప్పు, కాళ్ళ కింద బండ. తాండూరుల బండ ఇల్లు అంటుకునుడు ఎవ్వరన్న సూసిన్రా? గడ్డి ఇండ్లోళ్ళకు చెప్పుమను గీ పాఠం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజమే కదా, బండ ఎక్కడ కాలుతుంది?

మా గదికి వీధివైపు ఒకటే తలుపు. పైన చెయ్యి అందనంత ఎత్తులో ఒక చిన్న కిటికీ. తలుపుకు బయటివైపు గొళ్ళెం. బడి మొదలవగానే ఆయా భీమమ్మ గొళ్ళెం వేసి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. నేను బయటికి రావాలన్నా లోపలి నుంచి తలుపు తట్టాలి. స్టేషను పక్కనే కదా, బండి కూస్తే చాలు, పిల్లలు పలకలు పడేసి పట్టాల దాకా పరుగు. అందుకే సేటు గొళ్ళెం పెట్టించాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లోపల ముప్ఫై ఒక్క మంది పిల్లలూ, నేనూ.

ఫిబ్రవరి 9

మొదటి పాఠం. "ఇల్లు అంటుకుంటే ఏం చేస్తారు?" అని అడిగాను.

"మంచం కింద దాక్కుంట."

"మా నాయనకు చెప్త."

"మీ నాయన ఊళ్ళో లేకపోతే?"

"వచ్చెదాక ఆగుత."

దేవప్ప కూతురు నింగి లేచి నిలబడి "కూగ్త!" అంది. దేవప్ప బండల గనిలో పని చేస్తాడు. వాళ్ళది బషీరాబాదు అవతల, ఇంట్లో సగం కన్నడమే. కూగడమంటే కేకలు వేయడం. వేస్తానని ఊరుకోలేదు, అక్కడే వేసి చూపించింది. వీధికి అవతల గదిలోంచి పెద్ద సారు తొంగి చూశారు. నా చెవులు ఇప్పటికీ గుయ్యిమంటున్నాయి.

పాఠాన్ని నాలుగు మాటలు చేశాను. తడిగుడ్డ, వరుస, భుజం మీద చెయ్యి, నోరు మూత. గదిలో కుండ ఉంది, అందులో గుడ్డ ముంచి ముక్కుకు పెట్టుకోవాలి. వరుసగా నిలబడాలి. ముందున్నవాడి భుజం మీద చెయ్యి వేయాలి. ఒక్క మాట మాట్లాడకుండా తలుపు దగ్గరికి నడవాలి. కాగితంలో ఉన్నవి మొదటి మూడే. నాలుగోది నేను కలిపాను. పిల్లలు బెదిరి అరిస్తే ఒకరి మీద ఒకరు పడతారు కదా. పైగా చప్పుడు లేని క్లాసే మంచి క్లాసని పెద్ద సారు ఎప్పుడూ అంటారు.

ఫిబ్రవరి 15

నింగి ఈ రోజూ అరిచింది. గోడవైపు తిప్పి నిలబెట్టాను.

ఫిబ్రవరి 16

నింగి. గోడ.

ఫిబ్రవరి 18

వరుస బాగా కుదిరింది. నలభై అంకెలు లెక్కపెట్టేలోపు అందరూ తలుపు దగ్గరికి వచ్చేశారు. ముందున్న పిల్ల తలుపు నెట్టింది. తలుపు రాలేదు. గొళ్ళెం వేసి ఉంది. పిల్ల వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. "ఇక కూర్చోండి" అన్నాను.

సాయంత్రం సారు దగ్గరికి వెళ్ళాను. గొళ్ళెం ఉంటే ఈ పాఠం ఎందుకని అడిగాను.

"ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు తీసే ఉంచుతం గదమ్మా. గంత ఫికర్ ఎందుకు?"

సేటునూ అడిగాను. "తీస్త, నాదేం పోయింది? పిల్లలు పట్టాల మీదికి ఉరికితే జవాబు నువ్వే చెప్పుకో" అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో అంటే ఆయన గొంతు తగ్గించి, "జర సోంచాయించు కౌసల్యా. మనం గాయన ఇంట్లనే ఉంటున్నం. ఆయన చెప్తేనే నీకు నౌకరి దొరికింది. ఒక్క గొల్లెం కోసం గింత పరేషాన్ అవసరమా?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. గూడ్సు క్లర్కుగా రోజంతా ఇంజన్ల మోతలో ఉంటారు కాబట్టి ఇంట్లోనైనా గోల లేకుంటే చాలనుకుంటారు.

ఫిబ్రవరి 19

గొళ్ళెం సేటు పెట్టించాడని మొదటి రోజు రాశాను. అది అబద్ధం కాదు. మేకులు, మనిషి, అన్నీ ఆయనవే.

అడిగింది మాత్రం నేను. పోయిన వానాకాలంలో ఒక పిల్లవాడు షంటింగ్ చేసే రైలు పెట్టెల మధ్యకు దూరాడు. వాణ్ణి రెక్క పట్టి బయటికి లాగింది నేనే. మర్నాడే సేటు దగ్గరికి వెళ్ళి, తలుపుకు బయట గొళ్ళెం పెట్టించమని బతిమాలాను. అప్పుడు అది మంచి పనే. ఇప్పుడూ మంచి పనే కావచ్చు.

ఫిబ్రవరి 27

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. తలుపు బార్లా తీసి ఉంచారు. గొళ్ళేనికి బంతిపూల దండ వేలాడదీసి కనబడకుండా చేశారు, ఆ తెలివి పెద్ద సారుది. నేను చప్పట్లు కొట్టగానే పిల్లలు గుడ్డలు తడిపారు, వరుస కట్టారు, బయటికి నడిచారు. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఆయన చేతి గడియారం చూసుకుని, "గింత చిన్న పిల్లలు గింత సైలెంటుగా! నా సర్వీసుల సూడలే" అన్నారు.

ముప్ఫై మందే నడిచారు. నింగిని పొద్దున్నే బెల్లం ముక్క చేతిలో పెట్టి ఇంటికి పంపేశాను. అది "నేను గూడ నడుస్త టీచరమ్మా" అంది. రేపు నడుద్దువులే అన్నాను.

ఫిబ్రవరి 28

దండ వాడిపోయింది. గొళ్ళెం మళ్ళీ వేశారు.

మార్చి 14

ఈ రోజు రాయలేను.

మార్చి 16

పిల్లలందరూ బాగున్నారు. ముప్ఫై ఒక్క మంది. నిన్న ఇంటింటికీ వెళ్ళి ఒక్కొక్కరినీ చూసి వచ్చాను. ఇద్దరికి దగ్గు తగ్గలేదు. ఈ రోజు మళ్ళీ వెళ్ళాను. బాగున్నారు. అందరూ బాగున్నారు.

మార్చి 19, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంగళవారం మధ్యాహ్నం పెద్ద సారు నన్ను తన గదికి పిలిపించారు. మా పాఠాన్ని మెచ్చుకుంటూ ఇన్‌స్పెక్టరు గారి ఉత్తరం వచ్చిందట, చదివి వినిపిస్తానన్నారు. భీమమ్మ వచ్చి తలుపు తీసి ఆ మాట చెప్పింది. అంతలోనే సేటు భార్య వడియాలు పెట్టడానికి రమ్మంటే అటు వెళ్ళింది. నేను పిల్లలకు లెక్కలు రాసుకోమని చెప్పి బయటికి వచ్చాను. సరిగ్గా అప్పుడే గూడ్సు కూసింది. తలుపుకు గొళ్ళెం పడింది.

సారు ఉత్తరం రెండుసార్లు చదివారు. రెండోసారి చదువుతుండగా ఏదో కాలుతున్న వాసన తగిలింది. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. తల తిప్పి ఒకసారి విన్నాను కూడా. నా క్లాసు వైపు నుంచి చప్పుడు లేదు. చప్పుడు లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. పిల్లలు ఎంత బుద్ధిగా రాసుకుంటున్నారో అని సంతోషించాను కూడా. 

అప్పుడు కేక వినబడింది. "యవ్వా! యవ్వా!" అని ఒకటే గొంతు. దానితోపాటు ఇనుము మీద పలక కొట్టిన చప్పుడు. అది నింగి గొంతు. మొదట నాకు కోపం వచ్చింది. నిజం, కోపమే వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది అనుకున్నాను.

వీధిలోకి వచ్చి చూస్తే గోదాము ముందు భాగం నుంచి పొగ. హమాలీ ఎవరో బీడీ ఆర్పకుండా సంచుల మీద పడేశాడట. నాకంటే ముందు భీమమ్మ పరుగెత్తింది. పిండి అంటిన చేతులతోనే గొళ్ళెం లాగింది.

తలుపు తెరుచుకుంది. లోపల పొగలో పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. ముక్కులకు తడిగుడ్డలు. ముందున్నవాడి భుజం మీద చెయ్యి. కళ్ళలోంచి ధారలుగా నీళ్ళు. ముందున్న పిల్ల నుదురు తలుపుకు ఆనించి నిలబడి ఉండేదేమో, తలుపు తీయగానే భీమమ్మ మీద పడిపోయింది. ఒక్కరూ అరవలేదు. నేను నేర్పినది నేర్పినట్టు చేశారు. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డారో నాకు తెలియదు.

వరుసలో లేనిది నింగి ఒక్కతే. నా కుర్చీని బల్ల మీద పెట్టి దాని మీదికెక్కి, పై కిటికీ చువ్వలకు పలకేసి కొడుతోంది.

గోడలకు ఏమీ కాలేదు. బండ కాలదని సేటు చెప్పింది నిజమే. బండ గది మూత పెట్టిన కుండలా పొగను లోపలే పట్టి ఉంచింది, అంతే.

మార్చి 21

గోడలకు సున్నం కొట్టారు. బడి మళ్ళీ అదే గదిలో. గొళ్ళెం అలాగే ఉంది.

మార్చి 24

పెద్ద సారు వికారాబాదుకు నివేదిక రాశారు. తలుపు తెరిచే ఉందని, నేను పిల్లలను వరుసగా బయటికి నడిపించానని. "సంతకం పెట్టమ్మా. బడికి మంచి పేరు, నీకూ మంచి పేరు" అన్నారు. పెట్టాను. సేటు ఇంటి నుంచి లడ్డూలు వచ్చాయి. మా ఆయన రెండు తిన్నారు. నేను తినలేదని ఎవరూ గమనించలేదు.

మార్చి 25

నివేదికకు కళ్ళు లేకపోవచ్చు గానీ వీధికి ఉన్నాయి. తలుపుకు గొళ్ళెం వేసి ఉందని చూసినవాళ్ళు చెప్పారు. పిల్లల తల్లిదండ్రులు సేటు మీదికి వెళ్తే, "నేనేం చేస్త? భీమమ్మ గొల్లెం ఏసి వడియాలకు పోయింది" అన్నాడట. అగ్గి పడ్డ మూడో రోజే ఆమెను పని మానిపించారట. ఇన్నాళ్ళూ జ్వరం వచ్చి రావడం లేదనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది కాబట్టి అలా అనుకున్నాను.

సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. మెట్ల మీదే కూర్చుంది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

"నేనే ఏసిన్ననేమో అమ్మా. యాదికి వస్తలేదు. దినాం ఏసే చెయ్యే గదా" అంది. అరచేతులు చూసుకుంటూ, "పిల్లలు ఎదురైతే మొగం సూడలేకపోతున్న" అంది.

నేను ఏమన్నానో తెలుసా? మంచినీళ్ళు తాగుతావా అన్నాను.

మార్చి 27

ఏప్రిల్ 3న వికారాబాదులో చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరికీ నేను ఈ పాఠం చెప్పి చూపించాలట. ఉత్తర్వు వచ్చింది. మా ఆయన అప్పుడే సెలవు పెట్టారు, తోడు వస్తారట.

మార్చి 30

గొళ్ళెం దానంతట అది పడదు. భీమమ్మ వేయలేదు. ఆమె వెళ్ళినప్పుడు తలుపు తీసే ఉంది, నేను గుమ్మంలో ఉన్నాను. బండి కూసింది. నేనే వేశాను. కుడిచేత్తో వేశాను, ఎడమ చేతిలో సుద్దముక్క ఉంది. గొళ్ళెం మీద సుద్ద అంటితే కొంగుతో తుడిచాను కూడా. ఇంత గుర్తుంది నాకు. మొదటి రోజు నుంచీ గుర్తుంది.

చెబితే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, మా ఆయన మాట పోతుంది. చెప్పకపోతే భీమమ్మ బతికినన్నాళ్ళూ తన చేతిని తనే తిట్టుకుంటుంది. ఎటు చూసినా తలుపు మూసే ఉంది. లోపలి నుంచి తట్టడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

ఏప్రిల్ 3, సోమవారం

వికారాబాదు. పెద్ద హాలు, అరవై మంది టీచర్లు. నాలుగు మాటలూ బోర్డు మీద రాశాను. తడిగుడ్డ, వరుస, భుజం మీద చెయ్యి, నోరు మూత. చప్పట్లు కొట్టారు. మా ఆయన వెనక వరుసలో కూర్చుని నలుగురికీ వినబడేలా గొంతు సవరించుకుంటున్నారు, భార్య తనదేనని తెలియాలని.

యాలాల్ నుంచి వచ్చిన పెద్దయ్య అనే ముసలి టీచరు ఒకాయన లేచాడు. "అమ్మా, ఒక్క మాట. తలుపు కాడికి పోయిన్రు సరే. తలుపు తీసే ఉన్నదా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, పాపం తెలియకే అడిగాడు. వాళ్ళ బళ్ళో కూడా గొళ్ళెం ఉందేమో.

ఉందని చెప్పడానికి నోరు తెరిచాను.

"లేదు" అన్నాను. "బయట గొళ్ళెం ఉంది. దాన్ని పెట్టించమని అడిగింది నేను. ఆ రోజు వేసింది నేను. పిల్లలకు అరవద్దని నేర్పింది కూడా నేనే. నా మాట వినని పిల్ల ఒక్కతి ఉండబట్టి అందరూ బతికారు. మా భీమమ్మకు ఇందులో ఏ పాపమూ లేదు."

వెనక్కి తిరిగి బోర్డు మీది నాలుగో మాటను అరచేత్తో తుడిచేశాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిరుగు బండిలో మా ఆయన తాండూరు దాకా కిటికీలోంచి బయటికే చూశారు. దిగేటప్పుడు మాత్రం నా సంచి ఆయనే పట్టుకున్నారు.

ఏప్రిల్ 6

విచారణ అయ్యేదాకా సోమవారం నుంచి బడికి రావద్దని ఉత్తర్వు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలని సేటు మాట. పెద్ద సారు నాతో మాట్లాడటం లేదు, భీమమ్మను మాత్రం మళ్ళీ పనిలోకి పిలిచారు.

పొద్దున నేనే ఆమె ఇంటికి వెళ్ళి చెప్పాను. ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, క్షమించమని అడగాలనుకుని వెళ్ళాను. ఆమె నన్ను అంత దూరం రానివ్వలేదు.

"ఇరవై దినాలకెళ్ళి నా చెయ్యి సూసుకుంట ఏడ్సిన. నీకు ఎరికే. నా ఇంటి ముందట నుంచే బడికి పోయినవు, వచ్చినవు" అంది. తలుపు వేసుకుంది.

వేసుకోవలసిందే.

ఏప్రిల్ 8, శనివారం

చివరి రోజు. పొద్దున్నే దేవప్పను పిలిచాను. బండలు చీల్చే ఉలి తెచ్చి నాలుగు దెబ్బల్లో గొళ్ళెం ఊడదీశాడు. "సేటు తిడ్తడేమో" అన్నాడు. తిట్టవలసినవన్నీ అప్పుడే తిట్టేశాడని చెప్పాను. రైలు కూస్తే గుమ్మంలో నేనే అడ్డంగా నిలబడ్డాను. అంతే, అంత చిన్న పని. ఒక మనిషి గుమ్మంలో కూర్చుంటే సరిపోయేదానికి ఇనుము బిగించాను.

"ఈ రోజు పాఠం అరవడం" అన్నాను.

ఎవరూ అరవలేదు. ముందు వరుసలో ఒక పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకుని, నేను మరిచిపోయానేమోనని జాలిగా, "టీచరమ్మా, నోరు మూత" అని గుర్తుచేసింది.

"ఆ మాట నేను తప్పు చెప్పాను. మంటో పొగో కనబడితే అరవాలి. ఎవరో ఒకరు వచ్చేదాకా అరవాలి. నింగీ, నువ్వు చూపించు."

నింగి లేచింది. నా వైపు రాలేదు. రోజూ నిలబడే చోటికి వెళ్ళి, తనంతట తనే గోడవైపు తిరిగి నిలబడింది.

దాని దగ్గరికి వెళ్ళి భుజాలు పట్టి ఇటు తిప్పుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, "కూగు" అన్నాను. అది నా ముఖం పరీక్షగా చూసింది.

"నిలవెట్టవు గద?"

"ఇంకెప్పుడూ నిలబెట్టను."

అప్పుడు కూగింది. తర్వాత ఒకడు, తర్వాత ఇద్దరు, తర్వాత ముప్ఫై ఒక్క మందీ. సున్నం కొట్టిన గోడలు అదిరాయి. హమాలీలు పరుగెత్తుకొచ్చారు. పెద్ద సారు చెప్పులు లేకుండా వచ్చారు. సేటు తువ్వాలు భుజాన వేసుకుని "ఏడ? ఏడ అంటుకున్నది?" అంటూ వచ్చాడు. అందరికంటే ముందు, ఆ రోజు పెద్ద సారు గది పనిలో ఉన్న భీమమ్మ వచ్చింది. గొళ్ళెం తీయబోయి, దాని చోట నాలుగు మేకు రంధ్రాలు తప్ప ఏమీ లేక, చెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది. తలుపు తీసే ఉంది.

పిల్లలు వాళ్ళను చూసి నవ్వుతూ ఒక్కొక్కరే ఆపేశారు. ఒక గొంతు మాత్రం ఇంకా అరుస్తోంది. అది నాదేనని కొంచెం ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూడా ఆపలేకపోయాను.

చివరికి ఆపాను. భీమమ్మ కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చి నా చేతికిచ్చింది.